మేసా? మాంటిలా? పాపం స్నైడర్!

బేస్‌బాల్‌లో విల్లీ మేస్ గొప్పా, మికీ మాంటిల్ గొప్పా అంటే, "660 పెద్దదా, 536 పెద్దదా? అంతే కదా!" అని ఇవాళ ఒకాయన ఆ ఇద్దరి కెరీర్ హోమ్ రన్లు (బంతిని కంచె దాటించే షాట్లు) చూపించి తేల్చిపారేశారు. మేస్, మాంటిల్, డ్యూక్ స్నైడర్ అనే 1950ల న్యూయార్క్ సెంటర్ ఫీల్డర్ల (మైదానం వెనక నడిమి భాగం కాసేవాళ్ల) గొడవ హోమ్ రన్ల లెక్కతో తేలేదైతే ఇన్నేళ్లు నడిచేదా?

మాంటిల్ అభిమానులు చూపాల్సింది 1956. బ్యాటింగ్ సగటు 0.353, హోమ్ రన్లు 52, ఆర్‌బీఐలు (తన బ్యాటింగ్‌తో జట్టుకు తెచ్చిన పరుగులు) 130. మూడింట్లోనూ లీగ్‌లో మొదటివాడు. మరుసటి ఏడాది ఆన్-బేస్ 0.512, అంటే బ్యాటింగ్‌కి వచ్చిన రెండుసార్లలో ఒకసారి అవుటవకుండా బేస్ ఎక్కినట్టే. బ్యాటింగ్ సగటులో వాక్స్ (పిచర్ నాలుగు చెడ్డ బంతులేస్తే ఊరికే దక్కే మొదటి బేస్) కలవవు. అందుకే కెరీర్ సగటులో మాంటిల్, మేస్ సమానంగా కనిపిస్తారు. ఆన్-బేస్‌లో మాంటిల్ 0.421, మేస్ 0.38 దగ్గర.

మరి మేస్? 1952లో చాలా భాగం, 1953 మొత్తం సైన్యానికే పోయినా 660 కొట్టాడు. మేటి ఫీల్డర్లకిచ్చే గోల్డ్ గ్లవ్ అవార్డు 1957లో మొదలైతే వరసగా 12 తనవే.

స్నైడర్‌ని మాత్రం ఎవరూ పట్టించుకోరు. 1953 నుంచి 57 దాకా ఏటా హోమ్ రన్లు 40కి తగ్గలేదు. ఆ దశకంలో అందరికన్నా ఎక్కువ హోమ్ రన్లు, 326, అతనివే. కాకపోతే అతని జట్టు డాడ్జర్స్ సొంత మైదానం ఎబెట్స్ ఫీల్డ్‌లో కుడివైపు కంచె 297 అడుగుల దూరమే, బంతిని అటే లాగి కొట్టే అతనిలాంటి ఎడమచేతి బ్యాటర్‌కి వరం. డాడ్జర్స్‌లో కుడిచేతి బ్యాటర్లే ఎక్కువ కాబట్టి ఎదుటి జట్లు వాళ్లకి సులువైన ఎడమచేతి పిచర్లని (బంతి విసిరేవాళ్లని) అంతగా దింపేవి కావు; అలా ఎడమచేతి బ్యాటర్‌కి కష్టమైన ఆ పిచర్లూ అతనికి తక్కువే ఎదురయ్యారు.

అన్నట్టు, 1951 వరల్డ్ సిరీస్‌లో (సీజన్ చివరి ఫైనల్ పోరులో) మాంటిల్ మోకాలు దెబ్బతిన్నది మేస్ కొట్టిన బంతి వెనక పరిగెత్తుతూనే.

ఒక్క సీజన్‌కైతే నా ఓటు మాంటిల్‌కి. మొత్తం కెరీర్‌కి మేస్. కాదనేవాళ్లు వాక్స్ లెక్కతో రండి!