భుజం ఆపరేషన్ కంటే కష్టం ఆ తర్వాతే

నా భుజంలో చేతిని ఎత్తి తిప్పే రొటేటర్ కఫ్ కండరాల టెండాన్లు (కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే గట్టి పట్టీలు) నాలుగింటిలో రెండు పూర్తిగా తెగి, ఎముక నుంచి వెనక్కి జరిగిపోయాయి. ఎడమ చేత్తో కుడి మోచేతిని ఎత్తి పట్టుకుంటే తప్ప దువ్వెన తలదాకా వెళ్లేది కాదు.

ఎమ్మారైలో డాక్టర్ గారు ముఖ్యంగా చూసింది కండరంలో కొవ్వు ఎంత చేరిందని. టెండాన్ తెగాక కండరం సన్నబడి కొవ్వు పడుతుందట. అది మరీ ఎక్కువైతే కుట్టినా సరిగ్గా అతకదు. అప్పుడు కొందరికి కీలు మార్పిడి దాకా వెళ్లాల్సి వస్తుంది. నాది ఇంకా కుట్టగలిగే స్థితిలోనే ఉందన్నారు.

ఆపరేషన్ సంగతి నాకు తెలిసింది తక్కువే. మెడ పక్క నరాలకు మత్తు ఇచ్చి, నన్ను నిద్రపుచ్చి, చిన్న రంధ్రాల్లోంచి ఎముకలోకి యాంకర్లు (దారాలున్న చిన్న మేకుల్లాంటివి) దింపి, వాటి దారాలతో టెండాన్‌ను లాగి కట్టారు. లేచేసరికి చెయ్యి ఎవరిదో అన్నట్టుంది. మత్తు దిగకముందే నొప్పి మాత్ర వేసుకోమని నర్సు గారు రెండుసార్లు చెప్పారు. ఎందుకో అర్ధరాత్రి తెలిసింది.

అసలు పరీక్ష స్లింగ్, అంటే చేతిని కదలకుండా వేలాడదీసే పట్టీ. నడుముకీ చేతికీ మధ్య దిండుతో ఆరు వారాలు. వెల్లకిలా పడుకుంటే భుజం పీకేది, అందుకే వాలుకుర్చీలోనే నిద్ర, అదీ ముక్కలు ముక్కలుగా. చొక్కా వేసుకునేటప్పుడు ఆపరేషన్ అయిన చెయ్యి ముందు, విప్పేటప్పుడు ఆఖర్న. చంక కడుక్కోవాలంటే ముందుకు వంగి చేతిని వేలాడదీయాలి. ఇవన్నీ ఆపరేషన్‌కి ముందే ప్రాక్టీస్ చేసుకుంటే మంచిది.

ఫిజియోథెరపీలో మొదట నేను చేయాల్సింది ఏమీ చేయకపోవడమే. "బిగించకండి, బరువంతా నా చేతిలో వదిలేయండి" అనేవారు ఫిజియోథెరపిస్ట్ గారు. వదిలేయడం అంత కష్టమని ఎప్పుడూ అనుకోలేదు.

స్లింగ్ తీశాక నొప్పి బాగా తగ్గింది. నాకు టెన్షన్ మొదలైంది అప్పుడే. టెండాన్ ఎముకకు గట్టిగా పట్టుకోవడానికి కనీసం మూడు నెలలు కావాలి, నొప్పి మాత్రం అంతకు ముందే పోతుంది. పైగా పెద్ద చిరుగులు కుట్టాక మళ్లీ తెగే అవకాశం చిన్నవాటికంటే ఎక్కువ. బాగున్నానని నీళ్ల బకెట్ ఎత్తితే అంతే సంగతులు. రబ్బరు బ్యాండుతో బలం పెంచే వ్యాయామాలు ఆ మూడు నెలలు దాటాకే ఇచ్చారు.

ఏడాది కావస్తోంది. పై అరలో డబ్బా అందుకుంటున్నాను, బరువుగా ఉంటే రెండు చేతులూ వేస్తాను. వీపు వెనక్కి చెయ్యి పెట్టడం మాత్రం ఇంకా సగమే వచ్చింది. ఆ వ్యాయామం రోజూ చేస్తున్నాను.