పెద్దమ్మ బూజు దులపలేదు

హనుమకొండలో ఎక్కిన బస్సు ములుగు, పస్రా దాటి తాడ్వాయి చేరేసరికి ఎండ నెత్తికెక్కింది. దారంతా నిలబడే వచ్చాను. దిగాక ఊళ్ళోకి ఆటో అతను రెండు వందలన్నాడు. మేడారం జాతరకు పెరిగిన రేటు, జాతర అయిపోయాక కూడా దిగిరాలేదు. వంద దగ్గరికి తేవడానికి పావుగంట పట్టింది. ఆ చిరాకు పెద్దమ్మ ఇచ్చిన మజ్జిగ తాగేదాకా పోలేదు.

వచ్చింది అడవి చూద్దామని. ఏటూరునాగారం అభయారణ్యం 1950ల నాటిది, ఊరి చుట్టూ ఉన్నదంతా అదే. కానీ నా సెలవులో సగం అరుగు మీదే గడిచింది. కారణం బొటనవేలంత పిట్ట.

అరుగు ముందున్న దండేనికి పాత తాడు ముక్కొకటి వేలాడుతోంది. ఊదా తేనెపిట్ట దానికే గూడు కడుతోంది. కట్టేదంతా పెట్టే. పుంజు మునగకొమ్మ మీద కూర్చుని ఒకటే కూత. నీడలో నల్లగా ఉంటుంది, ఎండ తగిలిందంటే మెడ నుంచి వీపుదాకా నీలం, ఊదా రంగులు భగ్గుమంటాయి. పెట్టకు ఆ సోకు లేదు. పైన మట్టిరంగు, పొట్ట లేతపసుపు. చూరు మూలకు ఎగిరి, వంకర ముక్కుతో సాలెగూడు పట్టి లాగి, తెచ్చి గూటికి అద్దుతుంది. దాని మీద ఎండుటాకు ముక్క, బెరడు పొట్టు, పురుగుల పెంటికలు కూడా అతికిస్తుంది. దూరం నుంచి చూస్తే గాలికి చిక్కుకున్న చెత్త అనుకుంటాం. తర్వాత లోపలికి దూరి, రొమ్ముతో ఒత్తుతూ గిర్రున తిరిగి గుంట చేస్తుంది. ద్వారం పక్కకు ఉంది, దాని పైన చిన్న చూరు కూడా దించింది! లోపల పరుపుకి బూరుగు దూది. ఊరి చివర బూరుగు కాయలు అప్పుడే పగులుతున్నాయి.

ఉగాది దగ్గరపడింది. వాడంతా బూజులు దులిపి సున్నాలు వేస్తున్నారు. పెద్దమ్మ కూడా ఇల్లంతా దులిపింది, అరుగు వైపు చూరు తప్ప. పక్కింటావిడ అడగనే అడిగింది, పండుగపూట ఆ బూజేందని. పెద్దమ్మ గోడకు సున్నం వేస్తూనే జవాబిచ్చింది: "పండుగ ఏటేట వస్తది. ఇదంత దులిపితే అది గూడు దేనితోని కట్టాలె?"

హైదరాబాదులో మా అపార్టుమెంటు బాల్కనీల్లో మందార కుండీలు లేని ఇల్లు లేదు. తేనెపిట్టలు వచ్చి పోతుంటాయి. గూడు మాత్రం ఎప్పుడూ చూడలేదు. అసోసియేషన్ వాళ్ళు పురుగుల మందు కొట్టించాక సాలీడు ఎక్కడ మిగులుతుంది?

ఒకరోజు తెల్లవారకముందే పెద్దమ్మతో ఇప్పపువ్వు ఏరడానికి వెళ్ళాను. పువ్వు రాత్రంతా రాలుతుంది, ఎండెక్కేలోపు ఏరేయాలి. చేతికి మెత్తగా, జిగటగా తగులుతుంది. ఆ తీపి వాసనకు ఎలుగులు కూడా వస్తాయి కాబట్టి ఆడవాళ్ళు గట్టిగా మాట్లాడుకుంటూ నడుస్తారు. తూర్పు తెల్లబడుతుంటే పాలపిట్ట ఒకటి నిటారుగా పైకి లేచి, అరుస్తూ పల్టీలు కొడుతూ కిందికి జారింది. జత కోసం చేసే విన్యాసమది. అట్లా ఎంతసేపు చేసిందో, నా గంపలో పువ్వు అడుగు దాటలేదు.

అక్కడే మనసు చివుక్కుమంది. అవతలి చెట్ల కింద ఆకులకు నిప్పు పెట్టారు. పువ్వు కనబడటానికి ప్రతి ఏడూ పెడతారట. మంట చెట్టు కిందే ఆగదు కదా, గుట్ట దాకా నల్లగా కాలిపోయింది. పొగ అంచున ఇంకో పాలపిట్ట, పారిపోతున్న మిడతలను పట్టి తింటోంది. దానికది విందే. నేల మీద గుడ్లు పెట్టే కౌజులకు ఎవరు దిక్కు? నిప్పు పెట్టినాయన్నే అడిగాను. కోపం తెచ్చుకోకుండా చెప్పాడు: పొద ఉంటే వెనక ఎలుగు ఉన్నా కనపడదు, పోయినేడు వాళ్ళ బంధువు ఒకాయనను అట్లాగే గీరింది అని. ఆయన భయం నిజమైనదే. కానీ పెద్దమ్మ తన చెట్ల కింద చీపురుతో ఊడ్చి పాత చీరలు పరుస్తుంది. పువ్వుకు బూడిద అంటదు, మన్ను అంటదు. పక్క రోజు ఆయన మా వైపు వచ్చి, ఆ చీరల మీద పడ్డ పువ్వు పిడికెడు తీసుకుని, తెల్లగా ఉందని ఒప్పుకున్నాడు. ఒక్కో చెట్టుకి ఎన్ని చీరలు పడతాయని పెద్దమ్మను అడిగాడు.