జెండర్ ఈక్వాలిటీ మీద అందరినీ అడిగి రమ్మన్నారు: నా అనుభవం

రిపోర్టు నిన్ననే ఇచ్చేసినాను. ఇంకా ఒళ్ళు మండుతానే ఉంది, చల్లారకముందే రాసేస్తున్నా, రేపు మీలో ఎవరి మీదైనా ఈ పని పడితే పనికొస్తుంది.

మాది తిరుపతిలో ఒక యూనివర్సిటీ, పేరు రాయను. నేను అసిస్టెంట్ ప్రొఫెసర్‌ని. యూనివర్సిటీల నాణ్యత చూసే న్యాక్ సంస్థ కోసం జెండర్ ఈక్విటీ కింద ఏం చేస్తున్నామో చూపించాల, కాబట్టి టీచింగ్, నాన్ టీచింగ్, స్టూడెంట్స్ అందరి అభిప్రాయాలూ తీసుకోమని నా పేరు మీద ఆర్డర్ వేసినారు.

పిల్లలతో అసలు ఇబ్బందే లేదు. గూగుల్ ఫారం తెలుగులో పెట్టినాను, పేరు అడగలేదు, ఈమెయిల్ తీసుకునే ఆప్షన్ ఆపేసినాను. మీరూ అట్లే చేయండి, లేకుంటే ఒక్కరూ నిజం రాయరు. ఆడపిల్లల్లో చాలామంది రాసింది హాస్టల్ గేటు టైం గురించే. సేఫ్టీ పేరు చెప్పి అబ్బాయిలకి లేని రూల్స్ అమ్మాయిల హాస్టల్‌కి పెట్టకూడదని, యూనివర్సిటీలకి రూల్స్ పెట్టే యూజీసీ వేసిన 2015 రెగ్యులేషన్స్‌లోనే ఉంది, ఆ ముక్క ప్రింటు తీసి రిపోర్టుకి జత చేసినాను. టీచింగ్ స్టాఫ్ మీటింగ్ ఒక పూటలో అయిపోయింది.

హౌస్ కీపింగ్ ఆడవాళ్ళ దగ్గరికి వచ్చేసరికి మొదలైంది. వాళ్ళ లిస్టు కోసం సెక్షన్‌కి పోతే సూపరింటెండెంట్ "వాళ్ళు మన స్టాఫ్ కాదు మేడం, ఏజెన్సీ వాళ్ళు, వాళ్ళనేం అడుగుతారు" అన్నాడు. పనిచేసే చోట ఆడవాళ్ళ మీద లైంగిక వేధింపులు ఆపేదానికి వచ్చిన 2013 పోష్ చట్టంలో ఉద్యోగి అంటే పర్మనెంటు వాళ్ళొక్కరే కాదు, దినకూలీ, కాంట్రాక్టు, ఏజెంటు ద్వారా వచ్చినవాళ్ళు కూడా లెక్కే. బాలాజీ కాలనీలో ఆ పేజీ ప్రింటు తీయించి మళ్ళీ పోయి ఇచ్చినాను. చదవలేదు సరికదా దాని మీద టీ గ్లాసు పెట్టినాడు. పెట్టి, "మీ ఇంట్లో సార్ వంట చేస్తాడా మేడం, ముందు అక్కడ ఈక్వల్ చేసుకోండి" అని సెక్షన్ అంతా వినేటట్టు అన్నాడు. అందరూ నవ్వినారు. ఆడవాళ్ళు కూడా నవ్వినారు, అదే నాకు ఎక్కువ గుచ్చుకుంది. నా ఇంట్లో వంట ఎవరు చేస్తే ఇతనికెందుకు, నేను అడిగింది లిస్టు. ఆడపిల్లల చదువు కోసమని 1983లోనే పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం పెట్టుకున్న ఊరు మాది, ఈ ఊర్లో ఒక ఆడమనిషి ఆఫీసు పని మీద వస్తే మాట్లాడే పద్ధతేనా ఇది?

తర్వాత ఆ సూపరింటెండెంటే కాంట్రాక్టర్ దగ్గర్నుంచి లెటర్ తెమ్మన్నాడు. కాంట్రాక్టరేమో యూనివర్సిటీ లెటర్ ఉంటేనే ఇస్తానన్నాడు. ఈ ఇద్దరి మధ్య తిరిగీ తిరిగీ విసుగొచ్చి, నేరుగా రిజిస్ట్రార్‌కి నోట్ పెట్టి సంతకం చేయించుకున్నాను. కింద సెక్షన్లలో టైం వేస్ట్ చేసుకోవద్దండీ, మొదటే పైకి పోండి.

మీటింగ్ సెమినార్ హాల్లో పెట్టినాము. కుర్చీలన్నీ ఖాళీగా ఉన్నా వాళ్ళు పోయి గోడ వారగా కింద కూర్చున్నారు. ముందు వరసలో వాళ్ళ సూపర్‌వైజర్ కాలు మీద కాలేసుకొని ఉన్నాడు. "పైన కూర్చోండక్కా" అంటే అందరూ వాడి మొహం చూసినారు, ఒక్కరూ లేవలేదు. ఏమడిగినా "మాకేం కష్టం లేదు మేడం, అంతా బాగుండాది" అన్నారు. బయటికి పొమ్మంటే వాడు ఇది నా డ్యూటీ మేడం అంటాడు!

నేను ఆ మాటలు రిపోర్టులో రాయదల్చుకోలేదు. మరుసటి రోజు తెల్లవారక ముందే, వాళ్ళు చంద్రగిరి, రేణిగుంట వైపు నుంచి బస్సు దిగి చీర మార్చుకునే షెడ్డు దగ్గరికి పోయినాను. ఆ షెడ్డుకి తలుపు లేదు, ఒకామె దుప్పటి పట్టుకొని నిలబడితే ఇంకొకామె మార్చుకోవాల. అక్కడ ఒక పెద్దావిడ నోరు విప్పింది. "బిల్డింగులో బాత్రూములన్నీ కడిగేది మేమే తల్లీ, మేం పోను మాత్రం ఒకటి లేదు. స్టాఫ్‌ది తాళమేసుంటారు, తాళంచెవి అటెండర్ కాడ. ఆ మూడు రోజులూ ఆ మగాడిని ఎన్నిసార్లని అడిగేది, అందుకే మధ్యాహ్నం దాకా నీళ్ళే తాగం." వేధింపుల మీద కంప్లైంట్ చేయాలంటే ఇంటర్నల్ కమిటీ ఒకటి ఉంటుందని వాళ్ళలో ఎవరికీ తెలీదు. కమిటీ బోర్డు లిఫ్ట్ పక్కన ఇంగ్లీషులో ఉంది, అందులో రిటైరైపోయిన మేడం పేరు ఇంకా అట్లే ఉంది. యూజీసీ రూల్ ప్రకారం ఆ కమిటీలో నాన్ టీచింగ్ వాళ్ళు ఇద్దరు ఉండాల.

రిపోర్టు మొదటి పేజీలో ఆ తాళంచెవి సంగతే పెట్టినాను. "ఇది జెండర్ కిందికి రాదు మేడం, మెయింటెనెన్స్, వెనక అనెక్షర్‌లోకి జరపండి" అన్నారు. జరపలేదు. ఆఫీసుకి వచ్చే కాగితాలు తీసుకునే ఇన్‌వార్డ్‌లో నంబర్ వేయించి, స్టాంపు పడిన కాపీ తెచ్చుకున్నాను. ఒక జెరాక్స్ ఆ పెద్దావిడ చేతికి కూడా ఇచ్చినాను, మీరూ మీ కాపీ తీసుకోకుండా ఆ కౌంటర్ దగ్గర్నుంచి కదలొద్దు.