ఏడో టేక్ దాకా నాకు వెలగలేదు

రెండేళ్లు కేబుళ్లు చుట్టి, మైక్ స్టాండ్లు సర్దిన తర్వాత, ఒక గాయని గొంతు రికార్డు చేసే పని మొదటిసారి పూర్తిగా నా చేతికొచ్చింది. ముందురోజు రాత్రే అన్నీ చూసుకున్నాను. కండెన్సర్ మైక్‌కి 48 వోల్టుల ఫాంటమ్ పవర్, దాని ముందు పాప్ ఫిల్టర్, సెషన్ 24 బిట్, 48 కిలోహెర్ట్జ్. ఆమె ఎంత గట్టిగా పాడినా మీటరు -10 డెసిబెల్స్ దాటకుండా గెయిన్ పెట్టాను.

మొదటి టేక్ తాళం తప్పింది. రెండోదీ అంతే. పల్లవి ఎత్తుగడ ప్రతిసారీ కాస్త వెనకబడుతోంది. నాలుగో టేక్ అయ్యాక ఆమె, "ఈరోజు నాకే కుదరట్లేదు బాబూ" అంది. "పర్లేదు మేడమ్, ఇంకోసారి చూద్దాం" అన్నాను. మనసులో మాత్రం నేనూ తప్పు ఆమెదే అనుకున్నాను.

ఏడో టేక్‌కి విసుగొచ్చి, హెడ్‌ఫోన్ ఒక చెవి మీంచి తీసేసి పాడింది. గొంతు తాళంలో చక్కగా కూర్చుంది! అప్పుడు చూశాను బఫర్ వైపు. అంటే కంప్యూటర్ శబ్దాన్ని ఒక్కో విడతకి ఎంత పోగుచేసుకుని పంపాలో చెప్పే సెట్టింగ్. అది పెద్దదైతే గాయనికి తన గొంతు హెడ్‌ఫోన్లో ఆలస్యంగా వినిపిస్తుంది. అంతకుముందు వేరే పాట మిక్సింగ్ కోసం 1024 శాంపిళ్లకు పెంచి, అలాగే వదిలేశాను. అన్నీ చూసుకున్నానన్నానే, అదొక్కటి తప్ప. శాంపిల్ అంటే శబ్దంలో ఒక చిన్న తునక. 48 కిలోహెర్ట్జ్ అంటే సెకనుకు 48,000 శాంపిళ్లు. 1024ని 48,000తో భాగిస్తే దాదాపు 21 మిల్లీసెకన్లు. గొంతు కంప్యూటర్లోకి వెళ్లేటప్పుడు ఒకసారి, హెడ్‌ఫోన్లోకి వచ్చేటప్పుడు ఇంకోసారి. మొత్తం 40 మిల్లీసెకన్ల పైనే ఆలస్యం. గాలిలో శబ్దం మిల్లీసెకనుకు సుమారు 34 సెంటీమీటర్లు పోతుంది. అంటే పాపం ఆవిడ, పద్నాలుగు మీటర్ల అవతల నిలబడి ఎవరో తన గొంతుతో పాడుతుంటే వింటూ పాడినట్టు.

బఫర్ 64కి దించితే కంప్యూటర్ అందుకోలేక చిటపటలు మొదలయ్యాయి. 128 దగ్గర ఆపి, శబ్దానికి మెరుగులు దిద్దే బరువైన ప్లగిన్లు తీసేశాను. లోపలున్న ఆమెతో మాట్లాడే టాక్‌బ్యాక్ బటన్ నొక్కడానికే ఎక్కువ టైమ్ పట్టింది. "మేడమ్, తప్పు మీది కాదు, నాదే." ఆమె కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత నవ్వి, "సరే, ఇప్పుడైనా పాడనిస్తావా?" అంది.

ఆ తర్వాతి రెండు టేకుల్లోనే పాటంతా వచ్చేసింది. ఒక్క చరణం చివరి ముక్క మాత్రం ఏడో టేక్‌లో ఉన్నంత బాగా మళ్లీ రాలేదు. అదే వాడాను. చెవి మీంచి తీసేసిన హెడ్‌ఫోన్ నుంచి, తాళం కోసం వినిపించే క్లిక్ మైక్‌లోకి కారింది. ఎంత శుభ్రం చేసినా చివరి అక్షరం కింద సన్నగా టిక్‌మంటుంది. ఇప్పటిదాకా ఎవరూ అడగలేదు. నాకు మాత్రం ఆ పాటలో ముందు అదే వినబడుతుంది.