సిలోయము గోపురం, సింహాచలం గోడ

లూకా సువార్త 13వ అధ్యాయం ఒక చావు కబురుతో మొదలవుతుంది. పిలాతు కొందరు గలిలయుల్ని చంపించి, వాళ్ల రక్తాన్ని వాళ్లు అర్పిస్తున్న బలులతోనే కలిపేశాడని కొందరు వచ్చి యేసుకు చెప్పారు. ఆరాధనకు వెళ్లినవాళ్లు ఆరాధనలోనే పోయారు. యేసు దానికి మరో దుర్ఘటనను తానే జతచేశాడు. "సిలోయములోని గోపురము పడి చచ్చిన ఆ పదునెనిమిదిమంది యెరూషలేములో కాపురమున్న వారందరికంటె అపరాధులని తలంచుచున్నారా? కారని మీతో చెప్పుచున్నాను."

2025 ఏప్రిల్ 30 తెల్లవారుజామున మన సింహాచలంలో ఆ రెండూ ఒక్కచోటే జరిగాయి. చందనోత్సవం రోజు. అప్పన్న నిజరూప దర్శనానికి క్యూలో నిలబడ్డవాళ్ల మీద, వానకు కొత్త గోడ కూలింది. మొక్కు తీర్చుకోవడానికి వచ్చినవాళ్లు శవాలై కొండ దిగారు.

ఎక్కడ ఏ దుర్ఘటన జరిగినా మన ప్రార్థన గ్రూపుల్లోకి ఒకటో రెండో మెసేజ్‌లు వచ్చి పడుతుంటాయి: ఇది దేవుని తీర్పు, ఇది అంత్యదినాల గురుతు. పోయినవాళ్లు మన సంఘంవాళ్లయితే మాత్రం అవే వేళ్లు "ప్రభువు సన్నిధికి చేరారు" అని టైపు చేస్తాయి. పోయినవాళ్లు ఏ గుడికి వెళ్తారో చూసుకుని చావుకు అర్థం చెప్పడమన్నమాట. ఇలాంటి మెసేజ్ పంపేవాళ్లను చెడ్డవాళ్లని అనను. భయమేసినప్పుడు మనిషికి కారణం కావాలి. కారణం అవతలివాడిలో దొరికితే మన ఇంటికి రాదులే అన్న ధైర్యం. యేసు సరిగ్గా ఆ ధైర్యం మీదే కొట్టాడు. ఆ గోపురం ఎందుకు పడిందో ఆయన చెప్పలేదు. ఆ పద్దెనిమిది మంది ఎలాంటివాళ్లో కూడా చెప్పలేదు. వాళ్లను వేలెత్తి చూపనివ్వలేదు, అంతే.

అయితే ఆ వెంటనే ఇంకో మాట ఉంది: "మీరు మారుమనస్సు పొందనియెడల మీరందరును ఆలాగే నశింతురు." తీర్పు పోస్టులు పెట్టేవాళ్లు ఎత్తి చూపేది దీన్నే. కానీ ఆయన అది ఎవరితో అన్నాడు? కబురు మోసుకొచ్చినవాళ్లతో. శవాన్ని మోసుకొచ్చినవాళ్లతో కాదు. నాయీను ఊరి గుమ్మం దగ్గర ఒక్కగానొక్క కొడుకు పాడె వెనక నడుస్తున్న విధవరాలిని చూసినప్పుడు ఆయన మారుమనస్సు ఊసే ఎత్తలేదు, కనికరపడ్డాడు. బేతనియలో లాజరు చనిపోయినప్పుడు ఒకే ఇంట్లో అతని ఇద్దరు అక్కచెల్లెళ్లు. "నీవిక్కడ ఉండిన యెడల నా సహోదరుడు చావకుండును" అని ఇద్దరూ అదే మాట అన్నారు. మార్తతో పునరుత్థానం గురించి మాట్లాడాడు. మరియ ఆయన పాదాల మీద పడి ఏడుస్తుంటే తానూ కన్నీళ్లు విడిచాడు. ఎదురుగా ఉన్న మనిషిని చూసి, తరవాత నోరు తెరిచాడు.

మనం స్టేటస్ పెట్టేటప్పుడు ఎదురుగా ఎవరూ ఉండరు. చిక్కంతా అక్కడే. అదే స్టేటస్‌ను పొద్దున్నే టీ తాగుతూ వార్తలు తిరగేసేవాడూ చూస్తాడు, విశాఖ కేజీహెచ్ ఆసుపత్రి మార్చురీ బయట కూర్చున్న చెల్లెలూ చూస్తుంది. ఒకరికి చెప్పదగిన మాట రెండోవాళ్ల గుండెలో దిగుతుంది. అందుకని నా మట్టుకు నేను ఒక్కటే పట్టుకున్నాను: చదివేది ఆ చెల్లెలే అనుకుని రాయాలి. అలా అనుకుంటే సగం పోస్టులు రాయబుద్ధి కాదు. వీడియోలైతే అసలు పంపలేం.

వీడియోల సంగతి విశాఖవాళ్లకు ఒకరు చెప్పాలా? 2020 మే 7. లాక్‌డౌన్‌లో మూతపడి ఉన్న ఎల్‌జీ పాలిమర్స్ ఫ్యాక్టరీలో ట్యాంకు వేడెక్కి, తెల్లవారుజామున మూడింటి వేళ స్టైరిన్ అనే రసాయనం విషపు ఆవిరి పక్కనే ఉన్న ఆర్.ఆర్. వెంకటాపురం మీదకు పాకింది. పన్నెండు మంది పోయారు. రోడ్డు మీద నడుస్తూ నడుస్తూ కూలిపోయిన మనుషులు, కట్టుగొయ్య దగ్గరే చచ్చిపడిన పశువులు - ఇదంతా తెల్లారేసరికి అందరి ఫోన్లలో ఉంది. చర్చిలు మూసి ఉన్నాయి. పక్కింటికి వెళ్లి కూర్చోవడానికి లేదు, చెయ్యి పట్టుకోవడానికి లేదు. ఏడవడానికైనా, ప్రార్థనకైనా ఫోనే దిక్కు. కాబట్టి సోషల్ మీడియాలో దుఃఖపడటం ఉత్తుత్తిదని తేల్చేసేవాళ్లతో నేను ఏకీభవించను. ఆ వారం జూమ్‌లో వినపడిన ఏడుపులు ఉత్తుత్తివి కావు. కానీ ఆ రాత్రే, మళ్లీ లీకైందన్న మాట అదే ఫోన్లలో పాకి, ఎక్కడెక్కడివాళ్లో పిల్లల్ని ఎత్తుకుని రోడ్ల మీద పడ్డారు. పుకారు కొత్తదేమీ కాదు, విశాఖ హెచ్‌పీసీఎల్ చమురు రిఫైనరీ తగలబడ్డ 1997 సెప్టెంబర్ 14 ఆదివారం నాడు స్మార్ట్‌ఫోన్ ఎవరి దగ్గరుంది? ఇప్పుడు తేడా ఏమిటంటే, పుకారు మోసేది మన వేలే.

బైబిల్లో పిల్లల్నీ ఆస్తినీ పోగొట్టుకున్న యోబు దగ్గరకు వచ్చిన స్నేహితుల్ని మనం ఊరికే తిడుతుంటాం గానీ, మొదట్లో వాళ్లు చేసింది మంచి పనే. "యెవరును అతనితో ఒక్క మాటయైనను పలుకక" ఏడు పగళ్లు, ఏడు రాత్రులు నేల మీద కూర్చున్నారు. చెడిందంతా తరవాత, కారణాలు వివరించడం మొదలెట్టాక. దుర్ఘటన మీద ఏమీ పోస్టు చెయ్యనివాడికి బాధ లేదనుకోనక్కర్లేదు. గది తలుపు వేసుకుని ప్రార్థించమన్నాడు ప్రభువు. ఆ తలుపు వెనక ఎవరున్నారో మనకు కనపడదు.

మౌనమే భక్తి అని మాత్రం అనుకోవద్దు. మే 9న వెంకటాపురం జనం శవాల్ని తెచ్చి ఫ్యాక్టరీ గేటు ముందే పెట్టారు. అది చూసి "ఇదేం పద్ధతి" అని నొసలు చిట్లించే విశ్వాసులుంటారు. వాళ్లు కయీను తమ్ముణ్ణి చంపిన ఆదికాండం 4వ అధ్యాయం మళ్లీ చదవాలి. "నీ తమ్ముని రక్తముయొక్క స్వరము నేలలోనుండి నాకు మొరపెట్టుచున్నది" అన్నది ఊరివాళ్లు కాదు, దేవుడే. ఎవరి నిర్లక్ష్యం, విచారణ ఏమైంది, నష్టపరిహారం అందిందా అని అడగడం కూడా ఏడుపులో భాగమే. జాతీయ హరిత ట్రిబ్యునల్ 50 కోట్లు కట్టమని ఆ కంపెనీని ఆదేశించినప్పుడు ఆ వార్తను ఎన్ని ప్రార్థన గ్రూపులు పంచుకున్నాయి? చచ్చిన పశువుల ఫొటో పంచుకున్నన్ని అయితే ఉండవు.

లూకా 13లో గోపురం మాట అవ్వగానే ఒక ఉపమానం వస్తుంది. కాయని అంజూరపు చెట్టును నరికేయమంటే తోటమాలి ఈ సంవత్సరం కూడా ఉండనిమ్మని బతిమాలుకుంటాడు, చుట్టూ తవ్వి ఎరువు వేస్తానంటాడు. గోపురం కింద పడనివాళ్లకు దొరికిన గడువు అది. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురం సెజ్‌లో ఫార్మా కంపెనీ పేలుడులో పదిహేడు మంది పోతే, ఆ వారం మన స్టేటస్‌లన్నీ కొవ్వొత్తులే. పరవాడ, అచ్యుతాపురం కంపెనీలకు షిఫ్టులకు వెళ్లేవాళ్లు మన సంఘాల్లోనే ఉన్నారు. ఆదివారం విజ్ఞాపన ప్రార్థనలో అధికారుల కోసం, ప్రయాణాల కోసం, పరీక్షల కోసం ప్రార్థిస్తాం. ఈ షిఫ్టుల మాట మనవుల కాగితంలో చేర్చమని పాస్టరు అయ్యగారిని అడగొచ్చు. ఆరాధన అయ్యాక ఆ బస్సు ఎక్కే తమ్ముడిని పక్కకు పిలిచి, లోపల గ్యాస్ అలారం పనిచేస్తోందా అని కూడా అడగొచ్చు.