నాలుగు చేతుల కృష్ణుడు

చలికాలంలో అమెరికాలో, టెక్సస్‌లోని ఫ్రిస్కోలో శనివారం రాత్రి ఎనిమిదైతే తెనాలిలో ఆదివారం ఉదయం ఏడున్నర. అత్తయ్య కాఫీ తాగి, ఫోను బియ్యం డబ్బాకు ఆనించి, మనవరాలికి పోతన పద్యాలు చెప్పే వేళ. మా అమ్మాయికి 14 ఏళ్లు. తెలుగు కూడబలుక్కుని చదువుతుంది కానీ, పద్యం వింటే పట్టేస్తుంది.

ఆ వారం మాత్రం ఇంట్లో పద్యాలు వినే పరిస్థితి లేదు. అమ్మాయి రాసిన రోబో ప్రోగ్రామును చిన్ననాటి స్నేహితురాలు తనదిగా చూపించుకుంది. రాతపూర్వకంగా ఫిర్యాదు చేస్తే ఆ పిల్లకు పోటీలో చోటు పోతుందని చెప్పి, టీచరు నిర్ణయం మాకే వదిలారు. నేను మూడు పేజీలు రాసి ఉంచాను. పంపాల్సిందేనని నేను, వద్దని అమ్మాయి. (అందులో సగం కోపం, ఆఫీసులో నా పని మరొకరి పేరుతో వెళ్లిన రోజు నాటిది.)

ఇవేవీ తెలియని అత్తయ్య పోతన భాగవతంలో ప్రథమ స్కంధం ఎత్తుకున్నారు. ద్రౌపది కొడుకులైన ఉపపాండవులను నిద్రలో చంపిన అశ్వత్థామను అర్జునుడు కట్టి తెచ్చి ఆమె ముందు నిలబెడతాడు. ‘నిద్రాసక్తుల సంహరింప నకటా! నీ చేతు లెట్లాడెనో’ అని అడిగిన నోటితోనే ఆమె వదిలేయమంటుంది. తనలాగా వాడి తల్లి కృపి ఏడవకూడదట. భారతంలో ద్రౌపది ఇలా కాదు, పగ తీరేదాకా ప్రాయోపవేశమని కూర్చుంటుంది. నాకు ఆమే దగ్గర, దాచడమెందుకు.

చంపి తీరాలని భీముడు లేస్తాడు. ద్రౌపది అడ్డుపడుతుంది. కృష్ణుడు నాలుగు చేతులవాడై, రెండింటితో భీముణ్ణి ఆపి, రెండింటితో ఆమెను పక్కకు తప్పిస్తాడు.

“ఆమె మంచిమాటే చెప్పింది కదా నానమ్మా, ఎందుకు తొయ్యడం?”

“ఆ శిబిరమంతా నీ లోపలే ఉందనుకో తల్లీ. భీముడూ నువ్వే, ద్రౌపదీ నువ్వే. ఒక్కరినే పట్టుకుంటే రెండోవారు ఊరుకుంటారా?”

కురుక్షేత్రం మనిషి గుండెలోనే ఉందని గాంధీజీ గీతను చదివిన సంగతి తెలుసు. ఈ ఘట్టాన్ని అలా చూడవచ్చని మాత్రం తోచలేదు. తర్వాతి కథ ఇంకా చిక్కు. బ్రాహ్మణుణ్ణి చంపకూడదు, ఆతతాయిని, అంటే చంపడానికి తెగబడ్డవాణ్ణి, చంపాలి, రెండూ నా మాటలే అంటాడు కృష్ణుడు. అర్జునుడు అశ్వత్థామ తలమణిని జుట్టుతో సహా కోసి, ప్రాణంతో పంపేస్తాడు.

అమ్మాయి ఆ మణినే పట్టుకుంది. జట్టు అందరి ముందూ నిజం చెబితే చాలు, ఫిర్యాదు చేయనని స్నేహితురాలికి కబురు పెట్టింది. ఆ పిల్ల చెప్పింది, ఏడుస్తూనే. నా మూడు పేజీలు కంప్యూటర్లోనే ఉన్నాయి. తీసేయలేదు.

పోటీ రోజు పార్కింగులో ఆ పిల్ల తల్లి కారులోనే కూర్చుని కనిపించింది. కళ్లు ఉబ్బి ఉన్నాయి. కృపి గుర్తొచ్చి చెయ్యి ఊపాను. ఆవిడ అద్దం దించలేదు.