గెటిస్‌బర్గ్ నుంచి బ్రాడక్ దాకా

అమెరికా వెళ్లిన తెలుగువాళ్లు నయాగరా చూస్తారు, న్యూయార్క్‌లో స్వేచ్ఛా ప్రతిమ ముందు ఫోటో దిగుతారు. నేనూ దిగాను. కానీ విశాఖ ఉక్కు కర్మాగారంలో బ్లాస్ట్ ఫర్నేస్ (ఇనుము కరిగించే కొలిమి) దగ్గర ఉద్యోగ జీవితమంతా గడిపినవాడికి అమెరికా అంటే పెన్సిల్వేనియా, అందులోనూ పిట్స్‌బర్గ్. ప్రపంచానికి ఉక్కు పోసిన ఊరు ఎలా చల్లారిందో, చల్లారాక ఏమైందో కళ్లారా చూడాలని ఎప్పటినుంచో కోరిక. న్యూజెర్సీలో ఉంటున్న మా మేనల్లుడు సెలవు పెట్టి కారు తీశాడు.

అది 2025 సెప్టెంబరు నెలాఖరు. కొత్త హెచ్-1బి వీసా దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుము ప్రకటించి ఎన్నో రోజులు కాలేదు. దారి పొడవునా వాడి ఫోను మోగుతూనే ఉంది. వాడికైతే వీసా ఉంది, వాడి స్నేహితుల తమ్ముళ్లకే దిక్కు తోచడం లేదు.

"మా ఆఫీసులో ఎవరు ఎవరికి ఓటేశారో తెలిస్తే మర్నాటి నుంచి పలకరింపులు తగ్గిపోతాయి మామయ్యా. ఈ చీలిక కుదిరే రోగమేనా?" అన్నాడు.

"గెటిస్‌బర్గ్ మీదుగా పోదాం పద" అన్నాను.

గెటిస్‌బర్గ్ చూడడానికి మామూలు పల్లెటూరి పొలాల్లాగే ఉంటుంది. రాతి గోడలు, ఆపిల్ తోటలు, మధ్యలో 1,300 పైచిలుకు స్మారకాలు. అమెరికా అంతర్యుద్ధంలో 1863 జూలై 1 నుంచి 3 వరకు ఇక్కడ ఉత్తరాది, దక్షిణాది సైన్యాలు తలపడ్డాయి. చనిపోయినవారు, గాయపడినవారు, పట్టుబడినవారు, ఆచూకీ లేనివారు అంతా కలిపి దాదాపు 51 వేల మంది. ఇప్పటి చీలికను అంతర్యుద్ధంతో పోల్చేవాళ్లు ఒకసారి ఈ పొలాల్లో నడిస్తే ఆ మాట అంత తేలిగ్గా అనరు. ఆనాటితో పోలిస్తే ఈనాటిది మాటల పోట్లాటే. అలాగని తీసిపారేయడానికీ లేదు.

నన్ను ఎక్కువసేపు నిలబెట్టినది 1913 నాటి కథ. యుద్ధం జరిగి యాభై ఏళ్లయిన సందర్భంగా రెండు పక్షాల ముసలి సైనికులు 50 వేల మందికి పైగా ఇదే నేల మీద కలుసుకున్నారు. ఒకప్పుడు ఏ రాతి గోడకు అటూ ఇటూ నిలబడి కాల్చుకున్నారో, అదే గోడ మీదుగా చేతులు కలిపారు. గడ్డాలు నెరిసిన ఆ మనుషుల ఫోటోలు చూస్తే ఎవరికైనా మనసు కరుగుతుంది. చీలిన దేశం కలుస్తుందనడానికి ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి అనిపిస్తుంది.

ఆ గోడకు దగ్గరలోనే ఒక చిన్న తెల్లటి ఇల్లుంది. అబ్రహాం బ్రయన్ అనే స్వతంత్ర నల్లజాతి రైతుది. యుద్ధం వస్తోందని తెలియగానే ఆయన కుటుంబంతో పారిపోయాడు. ఎందుకంటే దక్షిణాది సైన్యం పెన్సిల్వేనియాలోకి వచ్చాక, ఎన్నడూ బానిసలు కాని నల్లవాళ్లను కూడా పట్టుకుని దక్షిణాదికి తరలించింది. మూడో రోజు జరిగిన ఆఖరి పెద్ద దాడి ఆయన పొలం అంచుదాకా వచ్చింది. అసలు యుద్ధం ఎవరి బానిసత్వం గురించి జరిగిందో, 1913 నాటి కరచాలనాల్లో వాళ్లకు చోటు లేదు. అక్కడికొచ్చి సోదరభావం గురించి ప్రసంగించిన అధ్యక్షుడు విల్సన్ ప్రభుత్వం అదే ఏడాది కేంద్ర కార్యాలయాల్లో నల్ల ఉద్యోగులను వేరు చేసి కూర్చోబెడుతోంది. అప్పటికే దక్షిణాదిలో వాళ్ల ఓటు ఊడ్చుకుపోయింది. మళ్లీ చట్టం గట్టిగా అండగా నిలబడడానికి 1965 దాకా ఆగాల్సి వచ్చింది. అన్నదమ్ములు ఆస్తి తగాదా తీర్చుకుంటూ చెల్లెలి వాటా ఎగ్గొట్టినట్టు ఉందా సయోధ్య.

ఈ ముక్క మేనల్లుడితో అంటే, "అయినా దేశం లేచింది కదా మామయ్యా?" అన్నాడు. లేచింది, అందులో సందేహం లేదు. యుద్ధం ముగిసిన పాతికేళ్లలోపే ఉక్కు ఉత్పత్తిలో బ్రిటన్‌ను దాటేసింది. ఆ ఉక్కులో పెద్ద వాటా పోసిన లోయకే ఇప్పుడు మేము వెళ్తున్నాం.

పెన్సిల్వేనియా టర్న్‌పైక్ అనే టోల్ రోడ్డు మీద కొండలు తొలిచిన సొరంగాలు దాటుకుంటూ పశ్చిమానికి వెళ్లాం. మధ్యలో పల్లెల్లో ఇళ్ల ముందు జెండాలు, ఎన్నికలైపోయి దాదాపు ఏడాది గడిచినా తీయని బోర్డులు. ఈ రాష్ట్రంలో 2016లో ట్రంప్ సుమారు 44 వేల ఓట్లతో, 2020లో బైడెన్ 80 వేలతో, 2024లో మళ్లీ ట్రంప్ లక్షా 20 వేలతో గెలిచారు. గత రెండుసార్లూ పోలైనవి 70 లక్షల దాకా ఉంటాయి. అంటే ఇటు కొంచెం వాలినా అటు కొంచెం వాలినా దేశం దిశే మారిపోతుంది.

మొనాంగహీలా నది ఒడ్డున క్యారీ ఫర్నేసులు చూసినప్పుడు నాకు మాట రాలేదు. 6, 7 నంబర్ల కొలిమిలు, 1907 నాటివి, 92 అడుగుల ఎత్తు. తుప్పు పట్టి, గొట్టాల మధ్య నుంచి చెట్లు మొలిచి ఉన్నాయి. ఒక్కొక్కటి రోజుకు వెయ్యి టన్నులకు పైగా ఇనుము పోసేది. మా విశాఖవి దానికి అయిదారు రెట్లు పోస్తాయి, కానీ ఆకారం అదే. గాలిని వేడిచేసే స్టవ్‌లు ఎక్కడుంటాయో, కరిగిన ఇనుము ఏ కాలువలో పారుతుందో ఎవరూ చెప్పకుండానే నాకు తెలుసు. మూతపడ్డాక 1990లలో కొందరు కళాకారులు ఎవరినీ అడగకుండా లోపలికి వెళ్లి, అక్కడి పాత గొట్టాలు, తీగలతోనే భారీ జింక తల తయారుచేశారు. అదింకా అలాగే ఉంది. కొలిమి ముందు నేను చల్లగా నిలబడగలిగాను. అది నాకు నచ్చలేదు.

మాకు తిప్పి చూపించిన పెద్దాయన హోమ్‌స్టెడ్ మిల్లులో 1986లో అది మూతపడేదాకా పనిచేశాడట. మా కొలిమిల పేర్లు గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని చెబితే ముఖం వెలిగిపోయింది. ఇక్కడా కొలిమిలకు ఆడవాళ్ల పేర్లు పెట్టేవారు, క్యారీ అలా వచ్చిందే అన్నాడు. ఆపైన డొరతీ సంగతి ఎత్తాడు. నదికి ఎగువన డ్యూకేన్ మిల్లులో ఆరో నంబరు కొలిమి పేరు డొరతీ. 1984లో దాన్ని ఆపేశారు. నడిపితే లాభమేనని కార్మికులు అధ్యయనం చేయించి మరీ చూపించారు, చలికాలంలో అది పాడైపోకుండా కాపలా కాశారు. 1988లో కూల్చేశారు. విశాఖ ఉక్కు కోసం ధర్నా శిబిరాల్లో కూర్చుని వచ్చినవాణ్ణి, నాకు ఆ కథ కొత్తగా అనిపించలేదు.

రాజకీయం నేను అడగలేదు, ఆయనే అన్నాడు. "మా నాన్న, నేను జీవితమంతా ఒకే పార్టీకి ఓటేశాం. మిల్లులు పోవడం సహజం, కంప్యూటర్లు నేర్చుకోండి అన్నారు వాళ్లు. తర్వాత ఇంకొకాయన వచ్చి మిల్లులు తిరిగి తెస్తానన్నాడు. నేను కంప్యూటర్లూ నేర్చుకోలేదు, మిల్లులూ రాలేదు." నవ్వుతూనే అన్నాడు. ఆ తర్వాత తాను ఎవరికి ఓటేశాడో ఆయన చెప్పలేదు, నేను అడగనూ లేదు.

నది అవతలి ఒడ్డున హోమ్‌స్టెడ్. 1892 జూలై 6న ఇక్కడే ఉక్కు వ్యాపారి ఆండ్రూ కార్నెగీ మిల్లు కార్మికులకు, పడవల్లో దిగిన పింకర్టన్ అనే ప్రైవేటు సంస్థ కాపలాదారులు మూడు వందల మందికి మధ్య కాల్పులు జరిగి పది మంది దాకా చనిపోయారు. కార్నెగీ ఆ సమయంలో స్కాట్లండ్‌లో ఉన్నాడు. యూనియన్ నడుం విరిగింది. రోజుకు పన్నెండు గంటల పని ఈ పరిశ్రమలో 1923 దాకా సాగింది. ఇప్పుడు మిల్లు స్థలంలో దుకాణాల సముదాయం, సినిమా హాలు ఉన్నాయి. పన్నెండు ఇటుక పొగగొట్టాలను మాత్రం గుర్తుగా వరసగా ఉంచేశారు. వాటి కింద కారు నిలిపి కాఫీ తాగాం.

పిట్స్‌బర్గ్ నగరం మాత్రం నిజంగా లేచింది. 1940లలో పట్టపగలు వీధి దీపాలు వెలిగించాల్సినంత పొగ ఉండేదట. డెమోక్రాట్ మేయర్ డేవిడ్ లారెన్స్, రిపబ్లికన్ కోటీశ్వరుడు రిచర్డ్ కింగ్ మెలన్ చేతులు కలిపి ఆ పొగను వదిలించారు, మూడు నదులు కలిసే చోట రైల్వే సరుకు యార్డులు తీయించి పార్కు వేయించారు. బద్ధ ప్రత్యర్థి పార్టీల వాళ్లు ఇలా కలిసి పనిచేశారంటే ఈ రోజుల్లో నమ్మబుద్ధి కాదు. 1980లలో ఉక్కు కూలి, 1983లో నిరుద్యోగం 17 శాతం దాటాక విశ్వవిద్యాలయాలు, ఆసుపత్రులు నగరాన్ని మళ్లీ నిలబెట్టాయి. జనాభా 1950లో ఆరు లక్షల డెబ్భై వేలు దాటి ఉండేది, ఇప్పుడు మూడు లక్షలు. అయినా కళగా ఉంది. 64 అంతస్తుల యు.ఎస్. స్టీల్ భవనం నెత్తిన ఇప్పుడు పెద్ద అక్షరాలతో కనిపించేది ఒక ఆసుపత్రుల సంస్థ పేరు.

అయితే లారెన్స్, మెలన్‌ల స్నేహంలోనూ గెటిస్‌బర్గ్ గోడే కనబడింది నాకు. ఆ పునర్నిర్మాణంలో భాగంగానే లోయర్ హిల్ అనే పేట కూల్చి, ఎక్కువగా నల్లవాళ్లే అయిన దాదాపు 8 వేల మందిని ఖాళీ చేయించారు. అక్కడ 1961లో తెరిచిన క్రీడా భవనాన్ని కూడా యాభై ఏళ్లకు పడగొట్టేశారు. ఈ దేశం లేవగలదా అన్నది నా దృష్టిలో ప్రశ్నే కాదు, అది చాలాసార్లు లేచింది. లేచిన ప్రతిసారీ కొందరిని లెక్కలోంచి తీసేసింది. ఆ లెక్క యాభై ఏళ్లకో వందేళ్లకో ఎన్నికల రూపంలోనో అల్లర్ల రూపంలోనో తిరిగి వస్తోంది.

సాయంత్రం పెన్ హిల్స్‌లో వెంకటేశ్వరస్వామి గుడికి వెళ్లాం. 1976లో మొదలుపెట్టిన గుడి. కొండ వాలు మీద తెల్లటి గోపురం, కింద భోజనశాలలో పులిహోర, పెరుగన్నం. అక్కడ పరిచయమైన ఒక పెద్దాయన 1970లలో వచ్చిన ఇంజనీరు. 1983లో ఉద్యోగం పోతే రాత్రి తరగతుల్లో ప్రోగ్రామింగ్ నేర్చుకుని నిలదొక్కుకున్నారట. ఈ దేశం బాగుపడుతుందా అని మేనల్లుడు ఆయన్నూ అడిగాడు. "నన్ను అడగకండి బాబూ, నేను ఒడ్డున పడ్డవాణ్ణి. ఆ మాట బ్రాడక్‌లో అడగాలి" అన్నారు.

మర్నాడు బ్రాడక్ వెళ్లాం. కార్నెగీ 1875లో కట్టిన ఎడ్గార్ థామ్సన్ కర్మాగారం నూట యాభై ఏళ్లుగా ఇక్కడ నడుస్తూనే ఉంది. పొగ వాసన తగలగానే ప్రాణం లేచొచ్చింది. దీని యజమాని యు.ఎస్. స్టీల్‌ను ఆ జూన్‌లో జపాన్ సంస్థ నిప్పాన్ స్టీల్ కొనుక్కుంది. పెద్ద నిర్ణయాల్లో అమెరికా ప్రభుత్వానికి అడ్డుచెప్పే హక్కు ఉండేలా ఒప్పందం. కొత్త పెట్టుబడులు వస్తాయంటున్నారు. ఆగస్టులోనే ఇదే సంస్థకు చెందిన క్లెయిర్టన్ కోక్ (కొలిమి బొగ్గు) ప్లాంటులో పేలుడు జరిగి ఇద్దరు కార్మికులు చనిపోయారు. కోక్ ఓవెన్ల దగ్గర పనిచేసినవాళ్లకు ఆ భయం వేరే చెప్పనక్కర్లేదు.

కర్మాగారం మిగిలింది గానీ ఊరు మిగల్లేదు. ఒకప్పుడు 20 వేల మంది ఉన్న చోట ఇప్పుడు రెండు వేల మంది లేరు. కార్నెగీ అమెరికాలో కట్టించిన మొదటి గ్రంథాలయం ఇక్కడిదే, 1889 నాటిది. కింది అంతస్తులో కార్మికులు స్నానం చేయడానికి గదులు కూడా కట్టించాడట. ఊరి ఆసుపత్రిని 2010లో మూసేశారు. నగరంలో ఆ ఎత్తైన భవనం మీద పేరున్న సంస్థే దాన్ని నడిపేది.

ప్రధాన వీధిలో బస్సు కోసం నిలబడిన ఒక నల్లజాతి పెద్దావిడతో మాట కలిసింది. నగరంలో గుండె డాక్టరు దగ్గరికి వెళ్తోంది. మేనల్లుడు మొహమాటపడుతూనే, ఈ దేశం బాగుపడుతుందంటారా అని అడిగాడు. ఆవిడ వాణ్ణి ఎగాదిగా చూసి, బస్సు సంగతి చెప్పింది. డబ్బు చాలక సర్వీసుల్లో మూడో వంతుకు పైగా కోసేస్తామని రవాణా సంస్థ ప్రకటించిందట. రాష్ట్ర శాసనసభలో ఒక సభ ఒక పార్టీది, రెండో సభ ఇంకొక పార్టీది. జూలై 1కి పూర్తి కావాల్సిన బడ్జెట్ మూడు నెలలైనా తేలలేదు. చివరికి బస్సులు కొనడానికీ మరమ్మతులకూ దాచిన నిధుల్లోంచి రోజువారీ ఖర్చుకు వాడుకోవడానికి ఆ నెలలోనే అనుమతి ఇచ్చారు.

"రెండేళ్ల దాకా బస్సు ఉంటుందట. నా డాక్టరు నవంబరులో మళ్లీ రమ్మన్నాడు, దానికి సరిపోతుంది" అంది. ఇంతలో 61బి వచ్చింది. ఆవిడ కార్డు చేత్తో పట్టుకుని ముందుకు కదిలింది.